సంయమనం అంటే నోరు మూసుకోవడమా?

జాబ్ చేసే రోజుల్లో ఒకసారి రాత్రి పదకొండింటికి కోపంలో టీమ్ మొత్తానికి మెయిల్ కొట్టేశా. మా టెస్టర్‌ని కడిగేశా. తెల్లారి చూస్తే బగ్ నా కోడ్‌లోనే ఉంది! మా సీనియర్ అన్న ఒకటే అన్నాడు, "కొంచెం సంయమనం పాటించరా" అని.

న్యూస్‌లో రోజూ వినే మాటే. నాకైతే "నోర్మూసుకుని కూర్చో" అన్నట్టు వినపడేది. కానీ దీని పుట్టుక చూస్తే కథ వేరే.

ఇది సంస్కృతం మాట. 'సం' అంటే చక్కగా. 'యమ్' అనే ధాతువుకి పట్టి ఉంచడం, అదుపు చెయ్యడం అని అర్థం. నియమం, ప్రాణాయామం, చివరికి యంత్రం కూడా దీన్నుంచే వచ్చాయి. 'యంత' అంటే సారథి. సారథి పని గుర్రాల్ని కట్టేసి ఉంచడం కాదు కదా! పగ్గాలు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో చూసుకోవడం. కఠోపనిషత్తులో కూడా ఇదే పోలిక: ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి.

ఇప్పుడు క్రీ.పూ. 3వ శతాబ్దానికి వెళ్దాం. పట్టాభిషేకమైన 8 ఏళ్లకి అశోకుడు కళింగని గెలిచాడు. 1,00,000 మంది చచ్చిపోయారని, 1,50,000 మందిని తరలించారని ఆయనే 13వ శిలాశాసనంలో చెక్కించాడు. ప్రాణులన్నిటి పట్లా అహింస, సంయమం ఉండాలని అందులోనే కోరుకున్నాడు. అలాగని చేతులెత్తేశాడా? లేదు. పశ్చాత్తాపపడుతున్నా తనకి శక్తి ఉందని అడవి జాతుల్ని అదే శాసనంలో హెచ్చరించాడు. అంటే పగ్గం లాగాడు గానీ, గుర్రాల్ని అమ్ముకోలేదు.

మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో 14 శాసనాలూ ఉన్నాయి, ఆ 13వది కూడా. కానీ కళింగలో, అంటే ధౌళి, జౌగడల్లో మాత్రం 11, 12, 13 లేవు. వాటి బదులు "మనుషులందరూ నా బిడ్డలే, ఎవరినీ అన్యాయంగా బంధించొద్దు" అనే అర్థంలో అక్కడి అధికారులకి వేరే ఆదేశాలున్నాయి.

ఎందుకలా? శాసనాల్లో కారణం లేదు. పచ్చి పుండు మీద కారం చల్లడం ఎందుకని ఆగాడనుకుంటే, అది సంయమనమే. కానీ ఇంకోలా చూడండి. లోకమంతటికీ బాధపడ్డానని చెప్పి, దెబ్బ తిన్నవాళ్ల దగ్గర మాత్రం ఆ మాట ఎత్తలేదు.

నేనూ అంతే చేశా. మేనేజర్‌కి వెంటనే సారీ చెప్పా. ఆ టెస్టర్‌కి చెప్పడానికి వారం పట్టింది. దానికి సంయమనం అని పేరు పెట్టుకోలేం, అది భయం.

మీరేమంటారు, అశోకుడిది సంయమనమా, తప్పించుకోవడమా? కామెంట్‌లో చెప్పండి. కోపంలో ఉంటే మాత్రం కాస్త ఆగి టైప్ చెయ్యండి!