ప్రశ్నార్థకాల వెనక కథ

'పాట' అని పేరున్న ఫైలుని లైనక్స్‌లో ఏ కమాండ్‌కిచ్చినా మారుమాట్లాడకుండా తెరుస్తుంది. అదే ప్రోగ్రామ్‌ని విండోస్‌కి పోర్ట్ చేసి అదే పేరిస్తే, దానికి అందేది '???'. రెండక్షరాలకి మూడు ప్రశ్నార్థకాలేంటంటారా? యూనికోడ్‌లో దీర్ఘానికి వేరే సంఖ్య ఉంది మరి :) పోర్టింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి, ఈ తంటా ఎక్కడ మొదలైందో చూద్దామనిపించింది.

యూనిక్స్ దృష్టిలో ఆర్గ్యుమెంట్ అంటే సున్నా బైటుతో ముగిసే బైట్ల వరస, అంతే. అది ఏ భాషో దానికి అక్కర్లేదు. 1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలో రాబ్ పైక్‌తో కలిసి భోజనానికెళ్ళిన కెన్ థాంప్సన్, బల్ల మీది కాగితం మీద యూటీఎఫ్-8 రూపం గీశాడు. ఆస్కీ అక్షరాలు యథాతథం, మన అక్షరాలకి తలా మూడు బైట్లు, మధ్యలో సున్నా రాదు. పాత ప్రోగ్రాములకి ఇబ్బందే లేదు.

1988లో పని మొదలైన విండోస్ ఎన్‌టీ అప్పటికే 16 బిట్ల యూనికోడ్‌కి కట్టుబడిపోయింది. 1993 జులైలో విడుదలైంది. 16 బిట్లలో ఇంగ్లీషు అక్షరానికీ ఒక సున్నా బైటు తోడొస్తుంది, సీ భాషకేమో సున్నా అంటే సమాప్తం. అందుకని రెండు దారులు పెట్టారు: కొత్తవాటికి 16 బిట్లది, పాతవాటికి కోడ్ పేజీలోకి మార్చి ఇచ్చేది. పోర్ట్ చేసిన 'మెయిన్' మామూలుగా రెండో దారినే వెళ్తుంది. తెలుగుకి అక్కడ కోడ్ పేజీయే లేదు! ఫ్రెంచివాడికి తన ఊళ్ళో పని జరిగిపోయేది కాబట్టి లోపం బయటపడలేదు. మనకి మాత్రం మొదటి అక్షరం నుంచే పోయింది.

ఫైలు తెరుచుకోకపోతే ఫర్వాలేదు. కానీ '?' వైల్డ్ కార్డ్ కూడా. వైల్డ్ కార్డులు విప్పే ప్రోగ్రామ్ దాన్ని ఇంకో ఫైలుకి అన్వయించుకోవచ్చు. అది చెరిపేసే ప్రోగ్రామ్ అయితే?

'మెయిన్' మొదటి లైను నడిచేసరికే దానికిచ్చిన పేరు పోయింది, ఆ ప్రశ్నార్థకాలతో ఎంత తంటాలు పడ్డా తిరిగి రాదు. 16 బిట్ల దారిలో తీసుకుని, గుమ్మం దగ్గరే యూటీఎఫ్-8లోకి మార్చుకోవాలి. ఫైలు తెరిచేటప్పుడు మళ్ళీ వెనక్కి మార్చాలి. 2019లో వచ్చిన విండోస్ 10 1903 నుంచి, ప్రోగ్రామ్ తన మ్యానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8 కావాలని అడిగితే పాత దారిలోనూ ఇస్తారు. అడగకపోతే పాత కథే.

అడగడానికి ఒక్క మ్యానిఫెస్ట్ చాలు. అడగాలని తట్టాలంటే మాత్రం, టెస్టుల్లో ఒక్క ఫైలుకైనా తెలుగు పేరుండాలి.