మెండోర నీళ్ళు, మద్రాసు దీపాలు

కరెంటు ఉన్నంతసేపూ దాని ఊసెత్తం. మిక్సీలో పచ్చడి సగం తిరిగి ఆగిపోతే మాత్రం కరెంటాఫీసు వాళ్ళను నాలుగు మాటలంటాం. ఆ కరెంటు ఎవరి నీళ్ళతో, ఎవరి బొగ్గుతో తయారయిందని ఎప్పుడైనా అడిగామా? మాది నిజామాబాదు జిల్లా మెండోర. పోచంపాడు ఆనకట్ట మా మండలంలోనే ఉంది. అందుకని నాకు ఈ ప్రశ్న తప్పదు.

ఆ ఆనకట్టకు 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. తర్వాత దానికి శ్రీరాంసాగర్ అని పేరు పెట్టారు. కాకతీయ కాలవ మొదట్లో కరెంటు తీసే యంత్రాలు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ 9 మెగావాట్లు, మొత్తం 36. కాలవకు వెళ్ళే నీళ్ళు ముందు వీటిని తిప్పి, ఆ తర్వాత పొలాలకు పోతాయి. రైతుకు నీళ్ళు వదిలితేనే కరెంటు. కాలవ కట్టేస్తే యంత్రాలకూ సెలవే. ఇంటెడు చాకిరీ చేసుకుంటూ, మిగిలిన పాలు అమ్మి నాలుగు డబ్బులు వెనకేసే ఇల్లాలి సంపాదన లాంటిదన్నమాట!

అసలు కథ ఆ కాలవ వెంట రామగుండం దాకా వెళ్తే తెలుస్తుంది. అక్కడ 1978లో మొరార్జీ దేశాయిగారు పునాదిరాయి వేసిన కేంద్ర విద్యుత్ కేంద్రం 1983లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పోనుపోను 2600 మెగావాట్లకు పెరిగింది. రామగుండమే ఎందుకు? లెక్క చాలా తేలిక. బొగ్గును రైళ్ళలో వందల మైళ్ళు మోసుకుపోయే కంటే, బొగ్గు దొరికేచోటే కాల్చి, కరెంటును తీగలమీద పంపడం చౌక. సింగరేణి గనులు పక్కనే ఉన్నాయి. ఇక బాయిలర్లకు కావలసినవి నీళ్ళు. వాటిని పోచంపాడు నుంచి కాలవ తెచ్చింది. ఎల్లంపల్లి ప్రాజెక్టు తర్వాత వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచాక మన బొగ్గుకు మరీ విలువ పెరిగింది. రామగుండానికి ప్రపంచ బ్యాంకు కూడా అప్పిచ్చింది.

అలా మా గోదావరి నీళ్ళూ సింగరేణి బొగ్గూ కలిసి మద్రాసులో దీపాలయ్యాయి, బెంగుళూరులో ఫ్యాన్లయ్యాయి, కేరళలో మిక్సీలు తిప్పాయి. పంపకానికి గాడ్గిల్ సూత్రమని ఒకటుంది. కేంద్రం నెలకొన్న రాష్ట్రానికి 10 శాతం ప్రత్యేక వాటా, 15 శాతం ఢిల్లీవారి చేతిలో, మిగిలిన 75 శాతం ప్రాంతంలోని రాష్ట్రాలన్నిటికీ. ఉమ్మడి కుటుంబంలో వడ్డన లాంటిదే. పొయ్యి దగ్గర చెమటోడ్చిన కోడలికి ఒక గరిటె ఎక్కువ, అంతే!

“మన కరెంటు పరాయివాళ్ళకా?” అని ఉక్రోషం వస్తుంది. కానీ, ఒక్క క్షణం ఆగి ఎగువకు చూడండి. మా చెరువు నిండేది మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరితోనే కదా! వాళ్ళు నాందేడ్ జిల్లాలో బాబ్లీ ఆనకట్ట కడితే మనం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాం. 2013 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు తెరిచి ఉంచాలి. నదికి సరిహద్దులుండవని బాబ్లీ దగ్గర వాదించినవాళ్ళం, తీగకు మాత్రం సరిహద్దుండాలంటే ఎలా? పదిమందికి పంచే స్థానంలో ఉండాలంటే మనకు ఇచ్చేవాళ్ళతోనూ సఖ్యంగా ఉండాలి.

ఆ స్థానం శాశ్వతమూ కాదు. బోధన్ చూడండి. నిజాంసాగర్ నీళ్ళు, చుట్టూ చెరకు, చెరకు పిప్పితోనే బాయిలర్లు, అన్నీ ఒక్కచోటే. 1930లలో పుట్టిన ఆ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015 డిసెంబరులో మూతపడింది. కరెంటులోనూ కాలం మారింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య తీగ కలిసి దక్షిణాది అంతా దేశపు వలలో చేరింది. ఇప్పుడు ఉత్తరాది కరెంటూ మన ఇంట్లో వెలుగుతుంది. రామగుండంలో రాష్ట్రంకోసం కట్టిన కొత్త 800 మెగావాట్ల యూనిట్‌ను 2023 అక్టోబరు 3న ప్రధాని జాతికి అంకితం చేసింది నిజామాబాదు సభలోనే.

ఈ లెక్కలన్నిట్లో నాకు కనపడని గీత ఒకటుంది. పోచంపాడు నీళ్ళ కింద ఊళ్ళు మునిగాయి. పెళ్ళయి వచ్చిన ఇల్లూ, బిడ్డను కన్న గదీ, పసుపు ఆరేసిన వాకిలీ వదిలి కట్టుబట్టలతో కొత్త ఊళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళున్నారు. గాడ్గిల్ సూత్రంలో రాష్ట్రానికి వాటా ఉంది, ఊరికి లేదు. అయితే ఇవ్వడం కుదరదనేం లేదు. 2008 నాటి జలవిద్యుత్ విధానంలో ప్రాజెక్టు ఉన్నచోటి అభివృద్ధికని 1 శాతం ఉచిత కరెంటు అదనంగా రాశారు.

నూటికి ఒకటి! రేపు మన ప్రాంతంలో సూర్యరశ్మి కరెంటు ఫలకాలకోసం భూములడిగితే, ఆ ఒక్కటి ఎవరి పేర రాస్తారో ముందే అడగాలి. ఆ అడిగేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉండాలి.