కాలేజీకి సెకండ్ హ్యాండ్ కారు: ధర అడిగే ముందు కాగితాలు అడగండి

పాతబస్తీ, టోలిచౌకి నుంచి గండిపేట, మొయినాబాద్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లే పిల్లలకు రోజులో చాలా సమయం రోడ్డు మీదే గడిచిపోతుంది. గుంటూరు, విజయవాడ శివార్లలోని కాలేజీలదీ ఇదే కథ. బైక్ కొనిద్దామంటే అమ్మకు భయం. ఆడపిల్లయితే ల్యాబ్ అయ్యేసరికి చీకటి పడుతుందని నాన్నకు బెంగ. ‘లక్షన్నర పెట్టి ఓ పాత కారు తీసుకుంటే పోలా’ అనే మాట అప్పుడే వస్తుంది.

తీసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంజిన్ పాడైతే మెకానిక్ బాగు చేస్తాడు. ఆర్సీ, ఇన్సూరెన్స్ సరిగా లేకుండా యాక్సిడెంట్ అయితే మాత్రం ఇల్లంతా అప్పుల పాలవుతుంది. అందుకే బడ్జెట్ దగ్గర మొదలుపెట్టి, పేరు మార్పిడి వరకు ఒక్కొక్కటీ చూద్దాం.

చేతిలో 2 లక్షలుంటే కారు లక్షన్నరదే

ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టేయకండి. నాలుగో వంతు పక్కన ఉంచండి. చిన్న పెట్రోల్ కారుకు ఉదాహరణగా ఒక లెక్క చూడండి. ఊరిని బట్టి, కంపెనీని బట్టి రేట్లు మారతాయి.

- నాలుగు టైర్లు: రూ. 14,000
- బ్యాటరీ: రూ. 4,500
- ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు: రూ. 8,000
- పేరు మార్పిడి, ఇన్సూరెన్స్: రూ. 10,000
- క్లచ్ లాంటి అనుకోని ఖర్చు: రూ. 13,500

మొత్తం రూ. 50,000. అన్నీ ఒకేసారి రాకపోవచ్చు, కానీ మొదటి ఏడాదిలో వీటిలో సగమైనా వస్తాయి.

ఇక నెల ఖర్చు. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 750 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే దాదాపు 47 లీటర్లు కావాలి. లీటరు రూ. 107 చొప్పున నెలకు రూ. 5,000 పెట్రోలుకే పోతుంది. ఈ డబ్బు నెలనెలా ఎవరు ఇస్తారన్నది కారు కొనకముందే ఇంట్లో తేల్చుకోండి. లేకపోతే మూడో నెల నుంచి బండి గేటు ముందు దుమ్ము పట్టి ఉంటుంది, అబ్బాయి మళ్లీ బస్ పాసే తీసుకుంటాడు.

ఏ కారు?

విద్యార్థికి కావాల్సింది ఏ ఊళ్లోనైనా స్పేర్ పార్టు దొరికే కారు. ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, ఐ10, ఇయాన్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, మండల కేంద్రంలో చిన్న షెడ్డులో కూడా వీటి పని తెలిసినవాళ్లుంటారు.

అదే ధరకు ఇంకాస్త పెద్ద కారు వస్తోందంటే, ఎందుకు వస్తోందో అడగండి. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడి మార్కెట్ కోసం తయారీ ఆపింది. డాట్సన్ బ్రాండు 2022లో మూతపడింది. బీట్, ఫిగో, గో చౌకగా దొరకడానికి ఇదొక కారణం. కారు చెడ్డదని కాదు. బంపర్ విరిగినా, సెన్సార్ పోయినా పార్టు కోసం తిరగాల్సి రావచ్చు.

డీజిల్ కారు రోజూ ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు. కాలేజీకి వెళ్లి వచ్చే దూరానికి పెట్రోలే మేలు. పాత డీజిల్‌లో ఇంజెక్టర్లు, టర్బో పనికొస్తే బిల్లు మామూలుగా ఉండదు. గ్యాస్ కిట్ ఉన్న కారైతే అది ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది.

ఇంకో ముఖ్యమైన తేదీ ఉంది. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఏబీఎస్ బ్రేకులు అదే ఏడాది ఏప్రిల్ నుంచే తప్పనిసరయ్యాయి. ముందు సీటులో రెండో ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి అన్ని కార్లకూ వచ్చింది. ఒక 20 వేలు తేడాతో 2019 తర్వాతి బండి దొరికితే అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ వదిలేసి దాన్నే తీసుకోండి. నడిపేది కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలు.

ఢిల్లీ బండి, వరద బండి

ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై కోర్టు ఆంక్షలు వచ్చాయి. అందుకే అక్కడి కార్లు చౌకగా మన వైపు వస్తుంటాయి. ధర చూసి తొందరపడొద్దు. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఈ మూడూ కలిపి లెక్కేయండి. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. నీళ్లలో ఉన్న కార్లను కడిగి, పాలిష్ పెట్టి అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మడతల్లో బురద చార కనిపిస్తుంది. మ్యాట్ ఎత్తి, సీటు కింద బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. అద్దాలన్నీ మూసి ఐదు నిమిషాలు లోపల కూర్చుంటే వాసనే చెప్పేస్తుంది.

బండి దగ్గర చూడాల్సినవి

పగలు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో అదే అసలు పరీక్ష.

- పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ ఇంజిన్‌లోకి పోతుండొచ్చు. రెండూ పెద్ద ఖర్చులే.
- ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాంటి పదార్థం కనిపిస్తే ఆ బండి వదిలేయండి.
- టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా పాత టైరు పాతదే.
- మీటర్ 40 వేలు చూపిస్తూ, పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరిగిపోయి ఉంటే మీటర్ మీద అనుమానపడాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేసిన సర్వీస్ రికార్డు అడిగి, కిలోమీటర్లు పోల్చండి.
- డోరు, బానెట్ సందులు రెండు వైపులా ఒకేలా లేకపోతే టింకరింగ్ జరిగినట్టే. చిన్న గీతకు భయపడక్కర్లేదు. ఛాసిస్ వంగిందా అన్నదే ప్రశ్న.

అమ్మేవాళ్లకు తెలిసిన మెకానిక్‌ను కాకుండా మీకు తెలిసినవాణ్ని వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే కూలీ దండగ కాదు.

కాగితాలు: అసలు సంగతి ఇక్కడే

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ వివరాలు కనిపిస్తాయి. పెండింగ్ చలాన్లు వేరుగా చూడండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో మీరే కలిపి చూసుకోండి. ఫైనాన్స్ ఉన్న కారైతే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ వచ్చేదాకా డబ్బు ఇవ్వొద్దు. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి దీనికి కేంద్ర రుసుమే రూ. 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. 14 ఏళ్ల కారు చౌకగా వస్తోందంటే ఈ ఖర్చు మీ నెత్తిన పడబోతోందన్నమాట.

డీలర్ దగ్గర కొంటుంటే ఆర్టీఓ ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. పాత బండ్ల డీలర్లకు 2023 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ‘సంతకాలు పెట్టిచ్చాం కదా, మీకు వీలైనప్పుడు మార్చుకోండి’ అంటే ఒప్పుకోకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. రేపు మీరు ఈ కారును అమ్మినా ఇదే వర్తిస్తుంది.

కారు ఎవరి పేరున? ఇన్సూరెన్స్ ఎవరికి?

మన ఇళ్లలో కారు సాధారణంగా నాన్న పేరున కొంటారు, కొడుకో కూతురో నడుపుతారు. ఇక్కడ ఒక లొసుగు చాలామందికి తెలియదు. పాలసీతో పాటు తీసుకునే ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న యజమాని స్వయంగా నడిపితేనే వర్తిస్తుంది. కొడుకు నడుపుతూ గాయపడితే ఆ డబ్బు రాదు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, వెనక సీట్లో కూర్చున్న స్నేహితులకు కూడా సాధారణంగా రక్షణ ఉండదు. నడిపే మనిషికి, ప్రయాణికులకు విడిగా కవర్ అడిగి తీసుకోండి. ప్రీమియంలో పెరిగేది కొద్దిగానే.

1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో రూ. 2,094గా, 1000 నుంచి 1500 సీసీకి రూ. 3,416గా నిర్ణయించారు. పన్ను అదనం. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. పాలసీని మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి.

ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. 18 నిండకుండా కారు నడిపితే తల్లిదండ్రులకు లేదా యజమానికి రూ. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, 12 నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ‘గల్లీలోనే కదా’ అంటే చట్టం వినదు.

డబ్బు ఇచ్చేటప్పుడు

వడ్డీ జోలికి పోకుండా, దాచుకున్న డబ్బుతోనే కారు కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మంచిదే. అయితే నోట్ల కట్టలు లెక్కపెట్టి ఇవ్వకండి. రూ. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు. తక్కువ మొత్తమైనా బ్యాంకు ద్వారా పంపితే సాక్ష్యం ఉంటుంది.

బయానా 5 వేలు దాటనివ్వొద్దు. కాగితాల్లో తేడా వస్తే తిరిగి ఇస్తానని రాయించుకోండి. బండి తీసుకునే రోజు డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైము, మీటర్ రీడింగ్ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. అంతకుముందు పడిన చలాను, జరిగిన ప్రమాదం ఎవరిదో ఆ ఒక్క కాగితమే చెబుతుంది.

ఇన్సూరెన్స్ గడువు తీరిన బండిని ‘షెడ్డు దాకే’ అని కూడా నడపకండి. పాలసీ ఆన్‌లైన్‌లో తీసుకుని, అది మొదలయ్యే టైము చూసుకుని, అప్పుడే తాళం తిప్పండి.