తెల్లకణము - దాని ద్వారములు

శ్రీశైలము పోవు దారిలో, తుక్కుగూడ చేలగట్లపై నడచువారి కాలిలో తుమ్మముల్లు విరిగినచో రెండుమూడు నాళ్ళకు అక్కడ చీము పట్టును. అందులో పెక్కుపాలు సూక్ష్మజీవులతో పోరి చచ్చిన తెల్లకణములే. 1882లో మెస్సీనా తీరమున మెచ్నికాఫ్ పండితుడు నక్షత్రచేప డింభకములకు ముళ్ళు గుచ్చి, వాని చుట్టును కణములు మూగుట చూచెను. ముల్లు ఎక్కడిదైనను కథ ఒక్కటే.

ఈ కణములు ఎముకల మూలుగులో పుట్టి పెరుగును. వాని పెంపునకు ఏమి కావలెనను ప్రశ్నతో ఒక తెలుగువాని జీవితము పెనవేసికొని యున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలది దినముల యెడముతో మరణించిరి. ఆ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు; మూలుగులోని కణములు పక్వము కావు. మద్రాసులో వైద్యము చదివి బోస్టను చేరిన సుబ్బారావుగారు, 1929లో ఫిస్కెగారితో కలిసి కండరములలోని ఏ.టి.పి. అను పదార్థమును లోకమునకు తెలిపిరి. జర్మనీలో లోమన్‌గారును అదే యేట దానిని కనుగొనిరి. అది కణమునకు ఇంధనమని పిమ్మట తేలినది. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ సంస్థకు వెడలిరి. అచటి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూ రోగుల రక్తము దానితో కోలుకొనెను. సోదరులకు అందవలసిన కాలము మాత్రము ఎన్నడో గడచిపోయినది. ఆ ఆమ్లమునకు అడ్డుతగులు అమినాప్టెరిన్ కూడ ఆ బృందము చేసినదే. 1948లో ఫార్బరుగారు దానిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లల కీయగా, 10 మందికి తాత్కాలికముగా నయమైనది. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఫోలిక్ ఆమ్లము కణమునకు ఆహారము వంటిది. పెరుగుమని ఆజ్ఞ యిచ్చు మాంసకృత్తులు వేరు; 1966లో మెల్‌బోర్నున బ్రాడ్లీ, మెట్‌కాఫ్‌గార్లు వాని జాడ ప్రకటించిరి. ఇక ద్వారముల మాట. ఇంటి తలుపు వంటిదని శ్రోతలు భావింపరాదు; కణపు పొరలో నిలిచిన అతిసన్నని మాంసకృత్తు గొట్టమది. ఉప్పుల విద్యుత్కణములు దానిగుండ రాకపోకలు సాగించును. ఒక్క గొట్టపు విద్యుత్తును కొలుచు నేర్పు 1976లో నేహర్, సాక్‌మన్‌గార్లది. 1984 నాటికి తెల్లకణములలోను పొటాసియము ద్వారములు కనబడెను. 2003లో ఎలుక మూలుగునుండి పెంచిన భక్షకకణములకు పెంపు మాంసకృత్తు నీయగా ఆ ద్వారములు హెచ్చెను. వానిని మూసినచో కణముల వృద్ధియే తగ్గెను.

విచిత్రమేమనగా, గాయపడిన కణమునుండి కారు ఏ.టి.పి. కూడ భక్షకకణముపై ఒక ద్వారమును తెరచును. దాని జన్యువు 1996లో చిక్కినది. రక్తములో తిరుగు లేతకణమున ఆ ద్వారపు పని స్వల్పము. కణము ముదిరినకొలది హెచ్చును. అది తెరచుకొన్నచో పొటాసియము వెలికి పోవును, వాపు పుట్టించు సందేశము బయలుదేరును. దానిని మూయు మందులను కీళ్ళవాపు రోగులపై పరీక్షించిరి గాని, ఆశించిన గుణము కనబడలేదు.