ఎలుగుబంటి వెంట్రుక

చిన్నప్పుడు మీలో ఎంతమందిని ఎలుగుబంటి ఎక్కించారు? నన్ను ఎక్కించారు. అప్పటికి నాకు ఆరేళ్ళుంటాయేమో. రాత్రుళ్ళు ఉలిక్కిపడి ఏడుస్తున్నానని, ఎలుగుబంటిని ఆడించే సాయిబు మా వీధిలోకి రాగానే అమ్మ చేటెడు బియ్యం, ఒక రూపాయి ఇచ్చి నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టించింది. రెండు వెంట్రుకలు కూడా అడిగి తీసుకుని, తాయెత్తులో పెట్టి నా మెడలో కట్టింది. భయం పోయిందో లేదో గుర్తు లేదు గానీ, దాని మూతిలోంచి వేలాడే తాడు మాత్రం గుర్తుంది.

మొన్న సెలవుల్లో తాజ్‌మహల్ చూద్దామని ఆగ్రా వెళ్ళాం. మా అమ్మాయి పట్టుబట్టి, ముందే అనుమతి తీసుకుని, ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్ళింది. అది ఊరి బయట, కీఠం చెరువు దగ్గర, సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యంలో ఉంది. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ అటవీ శాఖతో కలిసి 1999లో మొదలుపెట్టింది.

చెట్ల మధ్య ఎలుగుబంట్లు ఊయల మంచాల మీద పడుకుని ఉన్నాయి. ఒకటి పుచ్చకాయ తింటోంది. కొన్నిటికి పళ్ళు లేవు, కొన్నిటికి చూపు లేదు. ఒక ముసలిది మాత్రం నిలబడి అటూ ఇటూ ఊగుతూనే ఉంది. తాడు తీసేసినా ఆ అలవాటు పోలేదు.

వీటిని ఆడించినవాళ్ళు కలందర్లు. మొగలాయీల కాలంలో రాజుల ముందు ఆడించేవారట. ఆ కొలువులు పోయాక వీధులే వాళ్ళకి దిక్కయ్యాయి. అడవిలో తల్లిని చంపి పిల్లని పట్టుకొచ్చేవారు. కాల్చిన ఇనప సూదితో మూతికి కన్నం పెట్టి తాడు దూర్చేవారు, పళ్ళు విరగ్గొట్టేవారు. తాడు లాగితే కలిగే నొప్పికే అది కాళ్ళెత్తేది. మనం దాన్ని ఆట అనుకుని చప్పట్లు కొట్టాం.

1972 వన్యప్రాణి చట్టంతోనే ఇది నేరమైంది. కానీ ఆ తర్వాత పన్నెండేళ్ళకి కూడా ఎలుగుబంటి మా వీధికి వచ్చింది! ఎందుకంటే ఎలుగుబంటిని వదిలేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు వచ్చాకే పని జరిగింది. ఎలుగుబంటిని అప్పగించిన కుటుంబానికి వేరే బతుకుతెరువు చూపించారు. కొందరు ఆటోలు నడిపారు, కొందరు చిన్న కొట్లు పెట్టుకున్నారు. ఆడవాళ్ళు కుట్టుపని నేర్చుకున్నారు, పిల్లలు బడికెళ్ళారు. 2002 డిసెంబరులో మొదటి ఎలుగుబంటి ఇక్కడికి వచ్చింది. 2009 డిసెంబరులో చివరిది, రాజు అనేది, బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలోని కేంద్రానికి చేరింది. మొత్తం ఆరు వందలకు పైగా ఎలుగుబంట్లకి ఆ తాడు తెగింది.

"అమ్మా, వాళ్ళు చెడ్డవాళ్ళా?" అని అడిగింది అమ్మాయి. కాదనలేకపోయాను, ఔననలేకపోయాను. బియ్యం పోసింది మనమే కదా!

అక్కడే ఇంకో మాట విన్నాను. ఈ జాతిలో తల్లి తన పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుందట. అంటే నన్ను కూర్చోబెట్టిన ఆ వీపు, ఎప్పుడో తన పిల్లలు ఎక్కాల్సిన చోటు. ఆ తాడే లేకపోతే అది ఏ అడవిలోనో పిల్లలతో తిరిగేదేమో.

హనుమంతుడికి అతని బలం గుర్తుచేసిన జాంబవంతుడి కథ చెప్పుకుంటూనే, ఆ జాతిని తాడేసి ఆడిస్తే చూశాం.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నీ భయం పోవాలనే చూశానే. దాని భయం సంగతి తోచనేలేదు" అంది.

నాకూ ఇన్నాళ్ళూ తోచలేదు.