రాళ్లు ఇచట, వ్రాతలు అచట

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు గద్వాల రాజధాని. కృష్ణ దాటి ఉత్తరపు గట్టునకు వచ్చినచో వనపర్తి. అచటినుండి తూర్పునకు సాగినచో నల్లమల అంచు వరకు నాగర్‌కర్నూలు సీమ. 2016 అక్టోబరు 11వ తేదీన పాలమూరు జిల్లా విభక్తమై ఈ మూడు పట్టణములును జిల్లాకేంద్రములైనవి. నాగర్‌కర్నూలునకు మాత్రము ఈ గౌరవము కొత్తది కాదు. నిజాము ప్రభుత్వమున పాలమూరు జిల్లాకు తొలిపేరు నాగర్‌కర్నూలు జిల్లాయే. 19వ శతాబ్ది కడపటి పాదమున కేంద్రము పాలమూరునకు మారగా, ఈ ఊరు తాలూకా కచేరీతో తృప్తిపడి, శతాబ్దమునకు మించిన విరామానంతరము పూర్వపదవిని మరల పొందినది. కచేరీ ఎచటికి పోయిన కాగితము అచటికి పోవుట మన దేశపు పరిపాటి. ఈ సీమ చరిత్రసామగ్రి కథ యంతయు ఆ పరిపాటికే లోబడి నడచినది. అధికారము వెంట వ్రాతలు తరలిపోయినవి. బరువుచేత రాళ్లు నిలిచిపోయినవి. నీరు ముంచెత్తగా ఆ రాళ్లను సయితము కదలింపవలసిన దినమొకటి వచ్చినది గాని, అవి చాలవరకు తమ నదీతీరమునకు చేరువనే ఆగినవి.

గద్వాలను విద్వద్గద్వాల యనుట లోకప్రసిద్ధము. సోమనాద్రి యని జనులు పిలుచు పెద సోమభూపాలుడు కట్టించిన కోటలో, చెన్నకేశవస్వామి సన్నిధికి చేరువ, కార్తిక మాఘమాసములందు విద్వత్సభలు జరుగుచుండెను. శాస్త్రమున పరీక్షనిచ్చి నెగ్గిన పండితునకు వార్షికము కట్టుచుండిరి. ఆ వార్షికమును గొనుటకు గోదావరి, కృష్ణా మండలములనుండియు కవులు వచ్చుచుండిరి. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి ప్రభువులను దర్శించి చెప్పిన పద్యములు 'నానారాజసందర్శన'మున చేరియున్నవి గనుక ఆ సభల వైభవము మనకు కొంత తెలియుచున్నది. అధ్యాత్మ రామాయణమును తెనిగించిన కాణాదము పెద్దన సోమయాజి ఈ ఆస్థానమువాడే యని సాహిత్యచరిత్రలు చెప్పుచున్నవి. అయితే పద్యము చెప్పు చరిత్ర వేఱు, పద్దు చెప్పు చరిత్ర వేఱు. ఏ పండితునకు ఎంత ముట్టినది, ఏ శాస్త్రమున ముట్టినది, ఏ యూరివాడు ఎన్నేండ్లు వచ్చి పిమ్మట మానుకొన్నాడు అను సంగతులు కవికి అవసరము లేనివి, లెక్క వ్రాయువానికి తప్పనివి. తూమాటి దోణప్పగారు 'ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము' అను బృహత్పరిశోధన సాగించి మనకు ఒక పెన్నిధిని సమకూర్చినారు, అట్టి గ్రంథమున కాధారమైన సామగ్రి ఎన్ని యిండ్ల అటకలపై, ఎన్ని సంస్థానముల కొట్లలో చెల్లాచెదరై యుండునో ఊహించినవారికే ఆయన శ్రమ విలువ తెలియును.

ఆ పద్దుల గతి 1949లో మారినది. ఆ యేడు, ఫసలీ 1358వ సంవత్సరమున, జాగీరుల రద్దు నిబంధన వెలువడి సంస్థానములు సర్కారులో కలిసినవి. 1924 మొదలు ఏలుచుండిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మతో గద్వాల ప్రభుపరంపర ముగిసినది. కోటలో నేడు ఆమె పేర ప్రభుత్వ కళాశాల నడచుచున్నది. సంస్థానముల గుఱించి నిజాము ప్రభుత్వము నడపిన ఉత్తరప్రత్యుత్తరములు మాత్రము హైదరాబాదునందే యుండి తార్నాకలోని రాజ్య అభిలేఖాలయమునకు చేరినవి. వానిని చదువుట సామాన్యమైన పని కాదు. మొదట పారసీకము, తరువాత ఉర్దూ. నడుమ నడుమ మోడీలిపి మరాఠీ. అడుగున తెలుగు సంతకము. తేదీలు ఫసలీలో నుండుటచే, 590 గాని 591 గాని కూర్చినగాని క్రీస్తుశకము తేలదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల రాజ్యతంత్రముపై బెంజమిన్ కోహెన్ అను అమెరికా చరిత్రకారుడు 2007లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించినాడు. విదేశీయుడు మన దఫ్తరులలో కూర్చుండి మన కథ వ్రాసినందుకు చిన్నబోవలసినది లేదు. ఆ భాషలు నేర్చి కూర్చుండు వారు మనలో అరుదగుచున్నందుకు చిన్నబోవచ్చును.

వనపర్తి విషయమున ఇంకొక చిత్రము కలదు. మొదటి రామేశ్వరరావు కాలమున ఆ సంస్థానమునకు హబ్షీల అశ్వదళము ఉండెననియు, తరువాత అది నిజామునకు సంక్రమించి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా రూపొందెననియు చెప్పుదురు, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు ఆ దళమువలననే కలిగినది. అనగా వనపర్తి చరిత్రలో ఒక అధ్యాయము రాజధాని వీధిపేరులో దాగియున్నది. ఆ పేటలో నివసించువారి ముఖములలోను, దఫ్ మ్రోతలలోను అది సజీవముగ నున్నది గాని, వనపర్తి పిల్లవానికి ఆ సంగతి చెప్పు పాఠ్యపుస్తకము లేదు. సంస్థానపు రాజభవనము 1959 నుండి పాలిటెక్నిక్ విద్యాలయమైనది. కడపటి ప్రభువైన జె. రామేశ్వరరావు ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణసంస్థకు అధిపతియై దేశమంతటికిని పుస్తకములు పంచినాడు. పార్లమెంటులో పాలమూరు ప్రజలకు ప్రతినిధియు నైనాడు. సింహాసనము దిగినవారిలో పుస్తకముల కొలువునకు వచ్చినవారు బహుస్వల్పులు గనుక ఈ మాట ప్రత్యేకముగ చెప్పుచున్నాను.

రాజుల దఫ్తరులు రాజులతో పోగా, ప్రజల పక్షమున పోగుచేయుటకు పూనుకొన్నవాడు సురవరము ప్రతాపరెడ్డి. ఆయన స్వగ్రామము ఆలంపురము ప్రాంతమునందలి ఇటిక్యాలపాడు. 1952 ఎన్నికలలో ఆయనను శాసనసభకు పంపినది వనపర్తి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఎవరో ఆక్షేపింపగా, వాదమునకు దిగక, గోలకొండ పత్రిక ద్వారా పద్యములు తెప్పించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను ముద్రించినాడు. దానిని కవితాసంకలనమని చదువువారు అధికులు. నేను దానిని ఒక జనాభా లెక్కగా చదువుదును. ఏ తాలూకాలో ఏ యూర ఎవరు తెలుగులో పద్యము వ్రాయుచుండిరో, ఏ కులవృత్తులవారు వ్రాయుచుండిరో, అధికార భాష ఉర్దూయైన రాజ్యమున గ్రామస్థుడు ఛందస్సును ఎట్లు నిలుపుకొనెనో తెలుపు పత్రము మఱియొకటి లేదు. గ్రంథాలయమున దీనిని కావ్యముల బీరువాలో నుంచుట వర్గీకరణ దోషమేయని నా మతము.

ఆ దశకముననే శాసనముల పనియు సాగినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పేర హైదరాబాదున వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి, ఆదిరాజు వీరభద్రరావు ప్రభృతుల కృషిచే, 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రథమభాగము ప్రకటించినది. ప్రభుత్వపు పురావస్తుశాఖకు ఎలోరా అజంతలపై నున్నంత దృష్టి పల్లెటూరి నాగులకట్టపై నుండదు; అట్టి చోట్లకు పోయి రాయి కడిగి అచ్చు తీసినవారు ఉపాధ్యాయులు, వకీళ్లు, పత్రికా రచయితలు.

అచ్చు తీయుట యనగా నేమో కొంచెము చెప్పవలెను. ముందు రాతిని నీళ్లతోను గట్టి కుంచెతోను కడిగి, అక్షరపు గుంటలలోని మట్టి, సున్నము, నాచు తొలగింతురు. తడిపిన కాగితము దానిపై పఱచి, కుంచెతో మెల్లగా మోదుచు కాగితము ప్రతి గుంటలోను దిగునట్లు చేయుదురు. తడి ఇంచుక ఆఱిన పిదప మసి కలిపిన సిరాను గుడ్డమూటకు అద్ది పై పై తాకింపగా, పైభాగము నల్లనై, అక్షరములు తెల్లగ తేలును. ఎండ తీక్షణమైన కాగితము చిట్లును. గాలి వీచిన లేచిపోవును. ఉత్సవదినమైన శిలకు పసుపు, నూనె పూసి యుందురు, కావున పని మొదటికి వచ్చును. ఇన్ని కష్టములు పడి తీసిన అచ్చు మడచి పెట్టినచో మడతవద్ద అక్షరము చెడును గనుక దానిని భద్రపఱచుట వేఱొక విద్య.

ఆలంపురమున ఈ విద్యకు ఒక జీవితమంతయు ధారవోసినవాడు గడియారము రామకృష్ణశర్మ. 1919లో జన్మించి 2006లో గతించిన ఆయన, బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో నిర్మించిన నవబ్రహ్మాలయముల నడుమ పెరిగి, శిథిలములను కథలుగా గాక ఆధారములుగా చూచుట నేర్చినాడు. విజయాదిత్యుని కాలమున సిద్ధమాతృకాలిపిలో చెక్కిన ప్రశస్తి మొదలుకొని ఆ క్షేత్రపు శాసనములను పరిశీలించినాడు. 'ఆలంపుర శిథిలములు' వ్రాసినాడు. 'సుజాత' పత్రిక నడపినాడు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఆ చిన్న యూర జరిపించి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను అచటికి రప్పించినాడు. రైలుస్టేషను నుండి ఊరికి చక్కని బాటయైనను లేని దినములలో అంతమంది పండితులను తుంగభద్ర యొడ్డున కూర్చుండబెట్టుట ఎంత పనియో గ్రామసభ నడపినవారికి తెలియును. ఆయన స్వీయచరిత్ర 'శతపత్రము'నకు మరణానంతరము 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆలంపురపు మ్యూజియములో నటరాజు, మహిషాసురమర్దని, లజ్జాగౌరి మొదలగు శిల్పములు ఎండవానలు తగులకుండ నిలిచియున్నవి. యాత్రికులు జోగులాంబను దర్శించి బస్సువేళకై పరుగిడుదురు. పొరుగుననున్న ఈ శాలలో అడుగిడువారు కొందఱే.

ఈ నడుమనే శ్రీశైలము ఆనకట్ట నిండినది. 1980 ప్రాంతమున కృష్ణాతుంగభద్రల తీరములందు వందకు పైబడిన గ్రామములు ఖాళీయైనవి. జనులను లేపుట తొందరగా జరిగినది, పునరావాసము నెమ్మదిగా జరిగినది. అది వేఱు గ్రంథము. గుడులను లేపుట మాత్రము మిక్కిలి శ్రద్ధతో జరిగినది. ప్రతి రాతికిని సంఖ్య వేసి, వరుసలను పటములలో గీసి, శిఖరమునుండి అధిష్ఠానము వరకు ఒక్కొక్క రాయి దించి, మిట్టనేలకు మోసి, అదే క్రమమున తిరిగి పేర్చిరి. సంగమమున నుండిన కూడవెల్లి సంగమేశ్వరాలయము ఆలంపురమునకు వచ్చినది. సోమశిల గుడులు, జటప్రోలు గుడులు ఎగువకు జరిగినవి. మఱికొన్ని శిల్పములు పాలమూరు పిల్లలమఱ్ఱి వద్దనున్న పురావస్తుశాలలో చేరినవి. రాతికి సంఖ్య వేసినట్లు ఊరికి వేయలేకపోయితిమి. మునిగిన పల్లెల వీధుల పేర్లు, బావుల పేర్లు, పొలముల పేర్లు, బొడ్రాయి ఎచట నుండెనో, పీర్లచావిడి ఎవరింటి కెదురుగా నుండెనో, ఇవన్నియు ఏ మ్యూజియము లెక్కలోను చేరునవి కావు.

అట్టి సామగ్రికి పాత్రగా నిలిచినది ఒక మనిషి. కపిలవాయి లింగమూర్తి 1928లో అచ్చంపేట ప్రాంతపు జినుకుంటలో జన్మించి, పాలెము ప్రాచ్యకళాశాలలో బోధించి, నాగర్‌కర్నూలులో స్థిరపడి, 2018లో అస్తమించినాడు. 'పాలమూరు జిల్లా దేవాలయాలు' మొదలుకొని 'సాలగ్రామ శాస్త్రము', 'మాంగళ్య శాస్త్రము' వరకు ఆయన వ్రాయని విషయము లేదు. జిల్లా అంతయు తిరిగి స్థలపురాణములు, శతకములు, చాటువులు, కైఫియతులవంటి గ్రామకథలు సేకరించినాడు. ఆయన రచనలలో విమర్శదృష్టి అంతటను ఒక్క తీరుగ నుండదు. పురాణమునకును చరిత్రకును నడుమ గీటు కొన్నిచోట్ల చెరిగిపోవును. ఆ దోషమును ఎత్తిచూపుట సులభము. ఆయన వ్రాసియుంచనిచో ఆ కథలను పరీక్షించుటకు సయితము మనకు మిగిలెడివి కావు.

ఆయన నివసించిన సీమయే ఒక గ్రంథభాండారము. నేటి నందివడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురము, గోనవారి రాజధాని; రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడు. ఆయన కుమార్తె కుప్పాంబిక 1276లో వేయించిన బూదపుర శాసనము నేటి భూత్పూరులో, పొరుగు జిల్లాలో, ఉన్నది. తొలి తెలుగు కవయిత్రి ఆమెయే యని చెప్పువారు కలరు. కొల్లాపురమున సురభివారి సంస్థానము. 'చంద్రికాపరిణయము' వ్రాసిన సురభి మాధవరాయలు ఆ యింటివాడే.

ఇక గ్రంథాలయములు. 1960 నాటి చట్టమువలన ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సంస్థలకు చెందును. మునిసిపాలిటీలవారు వసూలు చేయుదురు గాని సకాలమున జమకట్టరను మొఱ ప్రతి జిల్లాలోను వినబడునదే. పఠనమందిరములలో ఉదయమునుండి కూర్చుండు యువకులు ఉద్యోగపరీక్షలకు చదువుకొనువారు. వారిని చూచి పెదవి విఱచుట నాకు ఇష్టము లేదు. గ్రూపు పరీక్షలలో తెలంగాణ చరిత్ర ఒక విషయము గనుక, సురవరము పేరును సంస్థానముల పేర్లును శ్రద్ధగా కంఠస్థము చేయుచున్నది నేడు వారే. కావలసినది గ్రామపు సావనీర్లు, ఆలయకమిటీల కరపత్రములు, పాఠశాలల వార్షికసంచికలు, స్థానిక కవులు సొంతఖర్చుతో వేయించుకొన్న శతకములు మున్నగు చిల్లర ముద్రణములను ఒక బీరువాలో చేర్చి పట్టిక వ్రాయుట. దీనికి పెద్ద ధనము పట్టదు. తాటాకు గ్రంథములకైన నిమ్మగడ్డి నూనె, నేర్పుగల చేయి, చెదలు లేని గది కావలెను. కరపత్రమునకు ఒక అట్ట సంచి చాలును.

ఇన్నిటిలోను ఒక్క పాతగ్రంథమునకు మాత్రము ఈ మూడు జిల్లాలలో పాఠకుల కొఱత లేదు. అది 1954–55 నాటి ఖాస్రా పహాణీ. భూమి తగవు వచ్చినచో రైతు తహసీలు కచేరీకి పోయి దాని నకలుకు దరఖాస్తు పెట్టుకొనును. తెలంగాణములోని న్యాయస్థానములు దానిని మూలప్రమాణములలో నొకటిగా ఎంచును. దానిలో సర్వే నంబరు, తరి ఖుష్కి వివరము, ఇనాము భూముల ప్రస్తావన, సాగు చేయువాని పేరు కానవచ్చును. సంస్థానము రద్దయిన ఐదేండ్లకే వ్రాయబడినది గనుక, దొర పేరు ఎచట నిలిచినదో, కౌలుదారు ఎచట నిలదొక్కుకొన్నాడో, దేవుని మాన్యము ఎవరి చేతికి మారినదో, పట్టాదారు గడికిని కబ్జాదారు గడికిని నడుమ పేరు మారిన ప్రతిచోటను ఆ పుటలలో చదువవచ్చును.