పూలపళ్ళెం - సద్దిపళ్ళెం

ఆశ్వయుజమాసం వచ్చేనాటికి మన పల్లెల్లో గాదెలు అడుగంటుతాయి. వరి ఇంకా కోతకు రాదు. వానలకు గట్లమీద, చెలకల్లో ఎవరూ విత్తకుండా మొలిచిన ఆకులే ఆ నడిమిరోజుల్లో పేదయింటి కూర. బతుకమ్మ పండుగ సరిగ్గా ఈ కాలంలోనే రావడం గమనింపదగిన విషయం. భాద్రపద అమావాస్యనాడు మొదలై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగకు రెండు పళ్ళేలు. ఒకటి పూలది, మరొకటి సద్దులది. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికాన్ని లుసైల్, దోహాలలో పెరుగుతున్న మన పిల్లలకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూలపళ్ళెంలో ముఖ్యమైనవి గునుగు, తంగేడు. రెండూ ఎవరూ నాటినవి కావు. గునుగు రైతు లెక్కలో కలుపుమొక్క. వానాకాలంలో దాని లేతాకు కూర అవుతుంది. శరత్తులో పూస్తే అదే మొక్క బతుకమ్మ అవుతుంది. గుమ్మడికాయ వంటింటికి, గుమ్మడిపువ్వు గౌరమ్మకు. వినాయక చవితినాటి తుమ్మికూర, చెన్నంగి, గంగవాయిలి, అటికమామిడి అన్నీ ఈ కోవకు చెందినవే. వీటిలో చాలావాటికి అంగడి లేదు. పేరు తెలిసినవారికే అవి దొరుకుతాయి.

ఇక సద్దులు. పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు - ఇవి వాడుకలో ఉన్న అయిదు సద్దులు. నువ్వులు దోరగా వేయించి, ఎండుమిరప, ఉప్పు చేర్చి పొడికొట్టి, ఆరిన అన్నంలో కలిపితే నువ్వుల సద్ది. రొట్టె, బెల్లం కలిపి ముద్దచేస్తే మలీద. సద్ది అంటేనే మూటకట్టి వెంట తీసుకుపోయే తిండి. పులుపు దాన్ని త్వరగా చెడనీయదు. బతుకమ్మలను చెరువులో వదిలాక, గట్టుమీదే దాన్ని పంచుకుంటారు.

1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు విస్తరించాక కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి వేలాదిమంది ఇటు వచ్చారు. సద్ది వారి వెంట వచ్చింది. దాని దినుసులు దుకాణంలో దొరుకుతాయి. గట్టుమీది కూరలు రాలేదు. వాటితోపాటు వాటి పేర్లూ అక్కడే ఆగిపోయాయి. మాతృభూమిలోనూ కలుపుమందులు పెరిగి, గునుగు కొనుక్కునే రోజులు వచ్చాయి. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ ఆకులు కలుపు కావు, తిండి అని చాటాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్ర పుష్పమైంది.

మనం నిలిచిన ఈ నేలకూ ఇటువంటి చరిత్రే ఉంది. లుసైల్ అన్నది ఇక్కడ విరివిగా పెరిగే ఒక ఎడారిమొక్క పేరునుండి వచ్చిందని చెబుతారు. 1913లో కన్నుమూసిన ఖతర్ స్థాపకుడు షేక్ జాసిమ్ నివాసంగా చేసుకున్న ఊరు ఇది. 2022 డిసెంబరు 18న ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు తుదిపోటీ జరిగిందీ ఇక్కడే. అక్టోబరు మధ్యలో మొదలయ్యే ‘వస్మ్’ కాలపు వానకోసం ఎడారి వాసులు ఎదురుచూస్తారు. ఆ వాన బాగా కురిస్తే శీతాకాలంలో ఇసుకకింద ‘ఫగ్గా’ అనే పుట్టగొడుగు జాతి దుంప ఊరుతుంది. ఏ మొక్క వేళ్ళచెంత తవ్వాలో తెలిసినవారికే అది చిక్కుతుంది. గునుగు విద్య, ఫగ్గా విద్య ఒకటే: పెద్దలు చూపాలి, పిల్లలు నేర్వాలి.

కనుక తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మనవి. ఈసారి అయిదు సద్దుల పక్కన ఆరవదిగా గంగవాయిలి పప్పు పెట్టండి. మన చేలల్లో మొలిచే ఆ కూరనే అరబ్బులు సలాడులో పచ్చిగా వేసుకుంటారు. ఇక్కడి కూరగాయల అంగళ్ళలో దొరుకుతుంది. వడ్డించేటప్పుడు దాని పేరు పిల్లలచేత పలికించండి. తరువాత తుమ్మి, చెన్నంగి, అటికమామిడి పేర్లు వారి పుస్తకంలో రాయించండి. సద్దిరుచి నాలుకమీద నిలిచేవుంది. పేర్లు కూడా నిలిస్తే, ఊరికి వెళ్ళిననాడు మన బిడ్డలు చెలకగట్టుమీద అపరిచితులు కారు.